చీమలు రాని పువ్వు

ఏడో తరగతి సైన్సు పుస్తకం సగం చదివి బడి మానేశాను. మిగతా సగంలో ఏముందో చాలా ఏళ్లు నాకు తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. సరుకుల ఆటో నడపడానికి క్లచ్ ఎక్కడుందో తెలిస్తే చాలు, సంతలో బేరం చేయడానికి నోరు చాలు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో గోండీ, ఆఫీసు మెట్లెక్కితే హిందీ. ఇన్ని భాషల్లో జోకులేయగలిగినవాడికి ఇంకా చదువెందుకని అప్పట్లో నా వాదన. మాస్టారు కూడా పెద్దగా కాదనలేదు. క్లాసు ప్రశాంతంగా ఉంటుందని సంతోషించి ఉంటాడు.

మాది తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కొంట దగ్గర ఊరు. అన్న, వదిన, నేను ఒకే ఇంట్లో ఉంటాం. చలి తగ్గి ఇప్ప పువ్వు రాలడం మొదలైతే మా ఊళ్లో ఆడవాళ్లకు నిద్ర ఉండదు. పువ్వు చీకటితోనే రాలడం మొదలుపెడుతుంది. తెల్లారేదాకా ఆగితే ఆవులు, మేకలు తినిపోతాయి. అందుకని టార్చి, గంప పట్టుకుని చీకట్లోనే అడవికి పోతారు. అంతకుముందే చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి నేలను నున్నగా చేసుకుంటారు, పువ్వు కనబడటానికి. ఆ నిప్పు ఒక్కోసారి చెప్పిన మాట వినకుండా పక్క అడవిని కూడా చూసొస్తుంది.

ఆవుల సంగతి సరే, ఎలుగుబంటి కూడా వస్తుంది. దానికి సంత లేదు, ధర లేదు. చెట్టు కింద కూర్చుని కడుపు నిండా తిని పోతుంది. కొన్నేళ్ల కిందట మా వదిన వంగి పువ్వు ఏరుతూ, పక్కన ఏరుతున్నది తోడొచ్చిన మనిషే అనుకుని రెండు మాటలు కూడా చెప్పిందట. జవాబుగా భుజం మీద పంజా పడింది. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. అప్పటి నుంచి ఆమె జడ మా అన్నే వేస్తున్నాడు. మొదట్లో తాడు పేనినట్టు వేసేవాడు, ఇప్పుడు చేయి తిరిగింది. ఊళ్లో మిగతా ఆడవాళ్లు తమ మొగుళ్లకు అన్నను చూపించి దెప్పుతుంటారు.

మరుసటి ఏడాది వదిన మళ్లీ టార్చి పట్టుకుని పోయింది. పోకపోతే చేతిలో నాలుగు రూపాయలు ఆడవు. గుమ్మం దగ్గర ఆమె కాసేపు నిలబడి, తర్వాత దిగేది. ఆ నిలబడటం నేను చూసేవాణ్ని. దాని మీద నాకు ఎప్పుడూ జోకు దొరకలేదు.

అట్లాంటప్పుడు జగ్దల్‌పూర్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు. అడవి పంటల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త అని చెప్పారు. నేను కళ్లద్దాలు, తెల్ల కోటు ఊహించుకున్నాను. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని వాగు దాటి వచ్చింది. ఆమె హిందీని తెలుగులోకి, దోర్లీలోకి మార్చే పని నా మీద పడింది. మధ్య మధ్య నా సొంత సరుకు కలుపుతున్నానని ఆమెకు తొందరగానే తెలిసింది. తను రెండు ముక్కలు చెబితే జనం పది సార్లు ఎందుకు నవ్వుతున్నారని అడిగింది.

ఆమె చెప్పింది ఇది. చెట్టు కింద నేల మీద కాదు, నడుమెత్తున వల కట్టండి. పువ్వు వలలో పడుతుంది. మట్టి అంటదు, బూడిద అంటదు, పశువుకు అందదు. దాన్ని కూడా నేల మీద ఆరబోయకుండా ఎండ పెట్టెలో ఆరబెడితే లడ్డూలకూ బిస్కెట్లకూ పనికొచ్చే సరుకవుతుంది. రాయ్‌పూర్‌లో కొనేవాళ్లున్నారు. అయితే వాళ్లు కళ్లతో చూసి కొనరు, పువ్వు శుభ్రంగా ఉందని ప్రయోగశాల చెబితేనే కొంటారు.

అందరూ ధర ఎంతని అడిగారు. వదిన మాత్రం వేరే అడిగింది.

"వల కడితే పొద్దెక్కినంక పోయినా పువ్వు ఉంటదా?"

ఉంటుంది దీదీ అంది మేడమ్.  ఆ సాయంత్రమే వదిన ఆడవాళ్లందర్నీ కూడగట్టింది.

లెక్క అందరికీ అర్థమైంది. పరీక్ష కోసం మేడమ్ తెచ్చిన పచ్చ వలలు కొన్ని చెట్లకే సరిపోతాయి. మిగతా చెట్లకు వలలు కొనాలంటే ఈ పువ్వు మంచి ధరకు అమ్ముడవ్వాలి. అమ్ముడైతే మా ఊరి ఆడవాళ్లు ఇక చీకట్లో అడవికి పోరు. అమ్ముడవకపోతే వచ్చే ఏడాది మళ్లీ టార్చి, మళ్లీ గుమ్మం దగ్గర నిలబడటం. కొనేవాళ్లు బండి నిండా సరుకుంటేనే వస్తామన్నారు కాబట్టి ఇద్దరు ముగ్గురు కడితే చాలదు, ఊరంతా కట్టాలి.

ఎండ పెట్టె అంటే ఏదో డబ్బా అనుకున్నాం. తీరా చూస్తే ఇనప కమ్మీల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పిన గది. పైన చిన్న ఫ్యాను, దానికో సోలార్ పలక. మా అన్న లోపల ఎట్లుందో చూస్తానని పోయి, బయటికి వచ్చేసరికి అప్పడంలా ఉన్నాడు. కానీ మొదటి వాయి ఆరిన రోజు ఆ తలుపు తీస్తే వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వేడి బెల్లం వాసన. నేల మీద ఆరిన పువ్వు నల్లగా, ఇసుకతో పళ్ల కింద కరకరమంటుంది. ఇది తేనె రంగులో, ఎండు ద్రాక్షలా ఉంది. నా జీవితమంతా చూసిన పువ్వే. దాని అసలు రంగు ఇదని నాకు అప్పటిదాకా తెలియదు. అరచేతిలో పోసుకుని వీధంతా తిరిగి అందరికీ చూపించాను. మేడమ్ పరీక్షకు తీసుకుపోదామని పక్కన పెట్టిన పువ్వు అదేనని తర్వాత తెలిసింది.

లోపల పువ్వంతా కలిపి ఆరబెట్టమని మేడమ్ చెప్పింది. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. మా దగ్గర ఇప్ప చెట్టు అడవిలో ఉన్నా దానికి ఇల్లు ఉంటుంది. ఈ చెట్టు ఫలానా వాళ్లది, ఆ చెట్టు ఫలానా వాళ్లది. ఒకరి చెట్టు పువ్వు ఇంకొకరు ముట్టరు, ఒకరి పువ్వులో ఇంకొకరి పువ్వు కలపరు. తాతల నాటి నుంచి అంతే. కొంచెంసేపు వాదించి మేడమ్ ఓడిపోయింది. ప్రతి ఇంటికీ ఒక తట్ట, తట్ట చివర ఆ ఇంటి గుర్తుగా ఒక గుడ్డ పేలిక.

పచ్చ వలలు చాలవు కదా. చీటీలు వేస్తే వదినకు ఒక వల వచ్చింది. దాన్ని తీసి, సరిగా నడవలేని పక్కింటి అవ్వకు ఇచ్చేసింది. మన చెట్లకు ఎట్లా అని అన్న అడిగితే ఇంట్లోకి పోయి దోమతెర పట్టుకొచ్చింది. ఆరోగ్య శాఖ వాళ్లు ఇంటింటికీ ఉచితంగా పంచిన నీలం దోమతెరలవి. మా వైపు వాటితో చేయని పని లేదు. వాగులో చేపలు పడతాం, కోడిపిల్లల మీద కప్పుతాం, టమాటా మడి చుట్టూ కడతాం. ఇంకా మిగిలితే కింద పడుకుంటాం. వదిన ఏడెనిమిది ఇళ్ల తెరలు పోగేసి, ఎడమ చేత్తో సూది పట్టుకుని, పందిరంత వల కుట్టింది. ఆమెను చూసి వల దొరకని ఇళ్లన్నీ అదే పని చేశాయి. ఆరబెట్టేటప్పుడు ఈగలు వాలకుండా ఆ ముక్కలే పైన కప్పాయి కూడా.

అడవిలో నీలం పందిళ్లు, పచ్చ పందిళ్లు. ఏదో పెళ్లి జరుగుతున్నట్టుంది, పెళ్లికొడుకు ఎలుగుబంటేనా అని నేనంటే వదిన కూడా నవ్వింది.

ఇప్ప పువ్వు అంటే చక్కెరే. ఎక్కడ పెట్టినా చీమలకు ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టు వరస కట్టి వస్తాయి. అవ్వ తట్టకు వచ్చాయి. వదిన తట్టకు రాలేదు. చుట్టుపక్కల ఇంకొన్ని తట్టలకూ రాలేదు. చూశారా ఎంత శుభ్రంగా ఉందో అని వదిన అందరికీ చూపించుకుంది. మేడమ్ వచ్చినప్పుడు నేను నా పద్ధతిలో చెప్పాను. మా వదిన గొంతంటే మా అన్నకే కాదు చీమలకు కూడా భయమని, ఆమె తట్ట దగ్గరికి వచ్చి దారి మార్చుకుని పోతున్నాయని.

మేడమ్ నవ్వలేదు. ఏ తట్ట అని అడిగింది.

వంగి చూసింది. పక్క తట్ట మీద తిరుగుతున్న చీమను ఒక ఆకు మీదకు ఎక్కించుకుని, తెచ్చి వదిన పువ్వు మీద వదిలింది. అది రెండడుగులు వేసి, మీసాలు తుడుచుకుని, గిర్రున వెనక్కి తిరిగింది. ఇంకో చీమ, అదీ అంతే. నా జోకు మీద ఒక మనిషి ఇంతసేపు పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ పువ్వు ఏ వలలో పడిందని అడిగింది. వదిన సంబరంగా చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించింది. నీలం అంచు పట్టుకుని చూస్తూ మేడమ్ నన్ను అడిగింది, ఈ తెర మీద వాలితే దోమ ఎందుకు చస్తుందో తెలుసా అని.

ఆ ప్రశ్న వదినకు తెలుగులో చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. జవాబు నాకే తట్టింది. ఆ దారంలో మందు ఉంటుంది. తడి పువ్వు, తేనె కారే పువ్వు, తెల్లారేదాకా ఆ మందు మీద పడుకుంటోంది.

మేడమ్ ఎవర్నీ తిట్టలేదు. తనకు అనుమానం మాత్రమేనని, పరీక్ష చేయకుండా ఏదీ చెప్పనని, నీలం వల పువ్వు వేరుగా, పచ్చ వల పువ్వు వేరుగా పొట్లాలు కట్టమంది. కలిపి ఉంటే అంతా పోయేదని, తన మాట వినకపోవడమే మంచిదైందని ఒప్పుకుంది కూడా.

పొట్లాలు జగ్దల్‌పూర్‌కు నేనే తీసుకుపోయాను. దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. ఎన్నోసార్లు తిరిగిన రోడ్డే, కానీ ఆ రోజు బండిలో సరుకు కాదు, ప్రశ్న పోతోంది. పరీక్ష చేసే రోజు ఏదో కిరాయి ఉందని వంక పెట్టి మళ్లీ పోయాను. మేడమ్ నన్ను లోపలికి రానిచ్చింది.

బీరువా అంత పెట్టె. పువ్వు రసం ఒక బొట్టు దానికి తాగించారు. పక్కనున్న కంప్యూటర్ తెర మీద అది గీతలు గీయడం మొదలుపెట్టింది. చదునుగా పోయి పోయి ఒక కొండ, మళ్లీ చదును, మళ్లీ ఒక కొండ. ఒక్కో కొండ ఒక్కో పదార్థమట. ముందుగా దోమతెర మందు ఒక్కటే తాగిస్తే కొండ ఎక్కడొచ్చిందో చూపించారు. తర్వాత అవ్వ పువ్వు. ఆ చోట బల్లపరుపు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, గుళ్లో నిలబడ్డట్టు. కళ్లకు కనబడదు, ముక్కుకు తెలియదు, నాలుక పట్టదు, అయినా అక్కడ ఉందో లేదో ఈ పెట్టె చెబుతోంది. నేను చదవకుండా వదిలేసిన సగంలో ఇదంతా ఉందా అని మొదటిసారి కడుపులో మండింది. ఆ మంటలో కూడా ఒక ఆనందం ఉంది. ఎన్ని ప్రశ్నలు అడిగానో గుర్తులేదు. నువ్వు డ్రైవరా, పోలీసా అని అక్కడి కుర్రాడు అడిగాడు.

తర్వాత వదిన పువ్వు తాగించారు. గీత చదునుగా వచ్చి, సరిగ్గా ఆ చోట, కొండ లేచింది.

తిరుగు దారిలో ఘాట్ మొత్తం ఆ కొండే కనిపించింది. వదినకు ఎట్లా చెప్పాలో రకరకాలుగా అనుకున్నాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె విని, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది, తడి లేకపోయినా.

సాయంత్రం అందరూ ఎండ పెట్టె దగ్గర కూడారు. పచ్చ వలల పువ్వు మంచిదే, కానీ అదొక్కదానితో బండి నిండదు. బండి నిండకపోతే కొనేవాళ్లు రారు. పువ్వు రాలడం ఇంకొన్నాళ్లకు ఆగిపోతుంది. నీలం వలల ఇళ్ల వాళ్లు తల దించుకుని కూర్చున్నారు. పచ్చ వల దొరికిన ఒకావిడ ఊరుకోలేదు.

"కుట్టుడు కుట్టుడని ఎగిరినవ్. ఇప్పుడు నీ పువ్వు పాయె, నీతోటి మాదీ పాయె."

 ఎప్పుడూ కొనే షావుకారుకే అమ్మేద్దామని ఇంకొకరు అన్నారు. సారాకే కదా కొనేది, అతను చీమలు వచ్చాయా లేదా అని చూడడు. చాలామంది తలూపారు. నా బండి కూడా అక్కడే ఉంది. ఎక్కిస్తే తెల్లారేసరికి పని అయిపోతుంది.

"షావుకారికి అమ్మితే యాడికి పోతది?" అంది వదిన. "సారా అయ్యి మళ్ల మన సంతకే వస్తది. మన మొగోళ్లే తాగుతరు. ఎట్లనూ చెడిపోతనే ఉన్నరు, మళ్ల దోమల మందు కూడా నేనే పొయ్యాల్నా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో సభ కాస్త మెత్తబడింది. మరునాడు వాగుకు దూరంగా, పశువులు రాని చోట గొయ్యి తీశాం. వాగు పక్కన వద్దని, ఆ మందు చేపలకు పడదని మేడమ్ ఫోన్లో చెప్పింది. దాంతో తెరలతో చేపలు పట్టే మా మగవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మొదటి గంప వదినే ఒంపింది. తేనె రంగు పువ్వు. చూడటానికి ఎంత అందంగా ఉందో. నీలం ఇళ్ల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒంపారు. నేను మట్టి లాగాను.

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆ రోజు కొంటలో ఒక దుకాణానికి దింపాల్సిన ఉల్లిగడ్డలు నా బండిలో ఉన్నాయి. వదిన ఆ బస్తాల దగ్గర ఆగింది. ఎర్రటి జాలీ బస్తాలు. ఒకటి పట్టుకుని సాగదీసింది. ఖాళీది ఎత్తి దానిలోంచి ఆకాశం చూసింది.

"దీనికి ఏం మందు పూసిన్రు?"

ఉల్లిగడ్డ మందే వదినా, కళ్ల నీళ్లొస్తాయి అన్నాను. ఆమె అప్పటికే మేడమ్‌కు ఫోన్ కలిపింది. కొత్త బస్తాలు దొరికితే అవే వాడమని, దొరక్కపోతే బాగా ఉతికి ఎండబెట్టమని, ఏదైనా సరే ముందు ఒక చిన్న ముక్క మీద చూసి తర్వాతే చెట్టుకు కట్టమని మేడమ్ చెప్పింది. దుకాణం వాళ్లు మా తెలుగువాళ్లే. ఇన్ని ఖాళీ బస్తాలు ఎందుకని అడిగారు. మా అన్నకు చొక్కాలు కుట్టిద్దామని చెప్పాను. దోర్నపాల్‌లో కూడా అడిగి బండి నిండా వేసుకొచ్చాను.

ఉతికిన బస్తా ముక్క మీద అవ్వ తట్టలోని పువ్వు పోసి, పక్కన నీలం తెర ముక్క మీద ఇంకో గుప్పెడు పోసి, వదిన పీట వేసుకుని కూర్చుంది. నేను ప్రయోగశాలలో నిలబడ్డట్టే వీధిలో ఆడవాళ్లంతా ఆమె వెనక నిలబడ్డారు. మొన్న దెప్పినావిడ కూడా వచ్చింది. కాసేపటికి చీమలు వరస కట్టాయి. నీలం పక్కకు పోయి, తిరిగొచ్చి, ఎర్ర బస్తా ఎక్కాయి. చీమలు వస్తే ఒక ఊరు ఊరంతా సంబరపడటం నేను అప్పుడే చూశాను. దెప్పినావిడ ఇంట్లోకి పోయి తన సూది తెచ్చుకుంది.

ఆ రెండు రోజులు ఎవరింట్లోనూ సరిగా వంట లేదు. మగవాళ్లు కర్రలు పాతారు, ఆడవాళ్లు కుట్టారు, నేను బస్తాలు మోశాను, అవ్వ అందరినీ తిట్టింది. దోమతెరలు విప్పి మళ్లీ ఇళ్లకు పంచే సరికి ఏ ముక్క ఎవరిదో తేలలేదు. ఒకరింటికి చెద్దరంత ముక్క పోతే, ఇంకొకరింటికి పందిరంత పోయింది. ఆ ఇంట్లో ఇప్పటికీ అందరూ ఒకే తెర కింద పడుకుంటారు, అల్లుడొచ్చినా సరే. చివరి విడత పువ్వు ఎర్ర వలల్లోకి రాలడం మొదలైంది. ఇంతకుముందులా రాలినా చాలు, బండి నిండుతుంది. రాలింది.

మళ్లీ పొట్లాలు, మళ్లీ ఘాట్. ఈసారి నన్ను లోపల నిలబడనివ్వలేదు, పని చాలా ఉందట. నా ప్రశ్నల భయమని నా అనుమానం. ఇంటికొచ్చి ఎదురుచూశాం. ఫోన్ వచ్చినప్పుడు అన్న వదినకు జడ వేస్తున్నాడు. నేను స్పీకర్ పెట్టాను. ఎర్ర వలల పువ్వు శుభ్రంగా ఉందని, పచ్చ వలలది కూడా ఉందని, కొనేవాళ్లకు చెప్పేశానని, బండి వస్తుందని మేడమ్ ఆగకుండా చెప్పింది. ఆమె గొంతులోనూ మా సంబరమే ఉంది.

"మేడమ్, మల్లొచ్చే ఏడు అన్ని చెట్లకు వలలు వస్తయా?" అంది వదిన.

వస్తాయి దీదీ, ఈ పువ్వు డబ్బుతోనే వస్తాయి అంది మేడమ్.

వదిన తలూపింది. సగం వేసిన జడ ఊడిపోయింది. ఫోన్ పెట్టేశాక మా అన్న వైపు తిరిగి, "రేపు పొద్దుగాల నన్ను లేపకు" అంది.

మరునాడు నేను లేచేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వదిన ఇంకా పడుకునే ఉంది. పువ్వు వలల్లో దాని పాటికది ఉంటుంది. వీధిలో మిగతా తలుపులు కూడా మూసే ఉన్నాయి. మేకలు మాత్రం ఏం జరిగిందో అర్థం కానట్టు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నాకు కొంటకు కిరాయి ఉంది. బండి స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు ఊరంతా వినబడుతుంది. హ్యాండిల్ పట్టుకుని, వీధి చివరిదాకా తోసుకుంటూ తీసుకుపోయి, అక్కడ స్టార్ట్ చేశాను.